రోలరు మీది సొట్ట

నేను పదో తరగతి తప్పానని మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. పరీక్షకు వెళ్తే కదా తప్పడానికి! తొమ్మిదితోనే బడికి దండం పెట్టేశాను. బడి నాకు అంతకు ఏడాది ముందే పెట్టిందని మా లెక్కల మాస్టారు అనేవారు.

తరవాత ఒంగోలు నుంచి ఢిల్లీ వచ్చి, గవర్నమెంటు క్వార్టర్సులో ఉండే అక్కాబావల ఇంట్లో తిష్ఠ వేశాను. ఊరంతా మెట్రో కోసం తవ్విపోసిన రోజులవి. బావ ఎవరి కాళ్లో పట్టుకుని, ఒక ట్రస్టు నడిపే ప్రింట్ల స్టూడియోలో నన్ను ఊడ్చే పనికి పెట్టించాడు. ఊడుస్తూ ఊడుస్తూ ఎచింగు ప్రెస్సు దగ్గర తేలాను.

ఎచింగంటే బ్రహ్మవిద్యేం కాదు. జింకు రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో బొమ్మ గీసి, యాసిడ్‌లో ముంచితే గీత పడ్డచోటల్లా రేకును యాసిడ్ తినేస్తుంది. ఆ గాట్లలో సిరా కూరి, పైపైన తుడిచి, తడి కాగితం కప్పి, దాని మీద ఉన్ని దుప్పట్లు పరిచి రెండు రోలర్ల మధ్య నుంచి పంపాలి. కిటుకంతా తుడవడంలోనే ఉంది. ఒక చెయ్యి ఎక్కువ పడితే బొమ్మ పాలిపోతుంది, తక్కువ పడితే బొగ్గులకొట్టు అవుతుంది. ఆ చెయ్యి నాకు కుదిరింది. ఎనిమిదేళ్లు కుదిరింది. కళాకారులు తాము గీసిన రేకు, అదే ప్లేటు, ఇచ్చి టీ తాగుతూ కూర్చునేవారు. నేను ఒకేలాంటి ఇరవై కాపీలు తీసేవాణ్ణి. వాళ్లు వాటి కింద పెన్సిలుతో సంతకం చేసేవారు.

చేసుకోనివ్వండి, ప్లేటు వాళ్లది. నా కడుపుమంట అది కాదు.

గుర్‌గావ్‌లో ఒక అద్దాల మేడలో ఒక మేడం ప్రదర్శన పెట్టింది. గోడల నిండా నేను తీసిన అచ్చులే. చేతికిచ్చిన పుస్తకం కూడబలుక్కుని చదివాను. కాగితం ఏ మిల్లుదో రాశారు. ఫ్రేము చెక్క ఏ చెట్టుదో రాశారు. ఆఖరికి సమోసాలు పంపినవాడికీ కృతజ్ఞతలు చెప్పారు. అచ్చు తీసినవాడి ఊసే లేదు. మేడంనే అడిగాను.

"అరే భయ్యా, అదంతా మెషీనే కదా చేసింది!" అని నవ్వింది.

పని పడితే ఉస్తాద్‌ని, పూలగుత్తుల వేళకు భయ్యాని. పోనీ మెషీనే చేసిందనుకుందాం, మెషీన్‌కైనా ఒక థాంక్స్ పారేయాలి కదా!

ఆ కసితో నేనూ ఒక ప్లేటు మొదలుపెట్టాను. ధౌలా కువాన్‌లో సాయంత్రం బస్సు కోసం కాచుకున్న జనం, వాళ్ల నెత్తిన నల్లటి ఆకాశం. చలికాలమంతా గీశాను. అచ్చు తీయడానికి ఒక్క ఆదివారం ప్రెస్సు ఇమ్మని మేనేజరును అడిగితే ఒక ఫారం తోశాడు. అందులో చదువు అనే గడి దగ్గర వేలు పెట్టాడు.

"రూల్ హై భయ్యా. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉన్నవాళ్లకే ప్రెస్సు."

"మరి రోజూ దాన్ని తిప్పేది ఎవరు సాబ్?"

"అది నీ డ్యూటీ కదా!"

అంటే పరాయివాళ్ల ప్లేటు పెట్టి తిప్పడానికి తొమ్మిదో తరగతి చాలు. నా ప్లేటు పెట్టి తిప్పాలంటే మాత్రం డిగ్రీ కావాలి. చక్రం అదే, చేతులు అవే. ఇందులో న్యాయం ఎక్కడుందో చదువుకున్నవాళ్లెవరైనా చెప్తే వింటాను. సొంత ప్రెస్సు కొని, ఈ ప్లేటును మచ్చ లేకుండా అచ్చు తీసి, కింద నా పేరు రాసి ఆ మేనేజరు బల్ల మీద పెట్టకపోతే అడుగు అని ఆ రోజే శపథం చేశాను.

సరిగ్గా అప్పుడే అక్క కాన్పుకు హాస్పిటల్లో చేరింది. మంచం పక్కన కూర్చుని కనబడ్డవాళ్లందరికీ నా గోడు వినిపించేవాణ్ణి. సెలైన్ స్టాండుకు కూడా చెప్పే ఉంటాను. అక్కడ గుంటూరు వైపు నర్సు ఆంటీ ఒకావిడ ఉండేది. నాలుగో రోజున ఆమెకు విసుగొచ్చింది.

"ఏందయ్యా, రోజూ ఒకటే పాట? మా ఆయన డ్రాయింగు మాస్టారు. ఉన్నప్పుడు అట్టాంటి మిషనే కొన్నాడు. ఆయన పోయినా అది మా ఇంట్లోనే పడుంది. ఘాజియాబాద్ వచ్చి చూసుకో."

వెళ్లేసరికి ఆంటీ వరండాలో ప్రెస్సు చక్రం తిప్పుతోంది. రోలర్ల మధ్య నుంచి తడి డ్యూటీ కోటు ఒకటి అప్పడంలా సాఫీగా బయటికొచ్చింది.

"ఇస్త్రీ చేస్తున్నారా దీంతో!"

"ఇక్కడ కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోద్దో ఎవరికి తెలుసు? దీనికి కరెంటు అక్కర్లా."

పొట్ట పట్టుకుని నవ్వాను. మూడు పొరల ఉన్ని దుప్పట్లు కూడా పదిలంగా ఉన్నాయి. ఆమె చలికాలం కప్పుకుంటోందట.

"రోలరు చూసుకోవా?" అంది ఆంటీ.

"నాకు తెలియని ప్రెస్సా ఆంటీ? చప్పుడు వింటే చాలు, జాతకం చెప్పేస్తా."

ఉన్నదంతా ఊడ్చి ఇచ్చాను. నలుగురు కూలీలు దాన్ని టెంపోలోకి ఎక్కించేటప్పుడు, ఏనుగు పిల్లను కొన్నావా భాయీ అని డ్రైవరు ఎకసెక్కమాడాడు. మునిర్కాలో కింది వాటా గది అద్దెకు తీసుకుని దించాను. ఆదివారం పొద్దున్నే నా ప్లేటుకు సిరా పట్టించాను. నా జన్మలో అంత శ్రద్ధగా దేన్నీ తుడవలేదు. చక్రం తిప్పి, దుప్పట్లు మడిచి, కాగితం మూల పట్టుకుని లేపాను.

జనం వచ్చారు. మూటలు వచ్చాయి. నల్లటి ఆకాశం మఖ్‌మల్ గుడ్డలా వచ్చింది. దాని నడుమ, బొటనవేలంత, పాలిపోయిన మచ్చ.

మళ్లీ తుడిచి మళ్లీ తీశాను. మళ్లీ మచ్చ. అప్పుడు, బేరం రోజున చేయాల్సిన పని చేశాను. రోలరు మీద అరచెయ్యి పెట్టి రాశాను. మధ్యలో చిన్న సొట్ట తగిలింది. అక్కడ ఒత్తిడి తగ్గి సిరా కాగితానికి ఎక్కడం లేదు. చిన్న ప్లేటైతే పక్కకు జరుపుకోవచ్చు. నాది ప్రెస్సంత వెడల్పు ప్లేటు. ఎటు జరిపినా మచ్చ జాగా మారుతుంది తప్ప పోదు. రోలరును లేతు మీద పెట్టించి సాపు చేయించే స్తోమత నాకెక్కడిది?

అచ్చు చుట్టి చంకలో పెట్టుకుని ఘాజియాబాద్ బస్సెక్కాను. దారి పొడవునా తిట్లు కూర్చుకున్నాను. ఆంటీ తలుపు తీయగానే కాగితం విప్పి ముఖం మీద పెట్టాను.

"ఏం పెట్టి తిప్పారు ఆంటీ అందులో?"

ఆమె కళ్లజోడు సర్దుకుని మచ్చను చూసింది. "యూనిఫారం బెల్టు. ఒకసారి కోటుతో పాటు లోపలికి పోయింది. దాని బకిల్ లాగుంది, టక్కుమంది."

"ఆ ముక్క నాకు చెప్పొద్దా?"

"చూసుకోమన్నానా లేదా? చప్పుడు ఇంటే చాలంటివి."

"మనిషన్నాక చెప్పాలి ఆంటీ! ఎనిమిదేళ్లు ఊరందరి బొమ్మలూ మచ్చ లేకుండా తీశాను. నా పేరుతో తీసుకున్న మొట్టమొదటి దానికి ఇదీ గతి! ఆ మేనేజరు చూస్తే ఏమంటాడు? డిగ్రీ లేనివాడికి ప్రెస్సిస్తే ఇట్లాగే ఉంటుందంటాడు!"

కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఇంకా చాలా అన్నాను. అన్నీ విని, ఆమె ఆ కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, వెలుతురుకు పట్టి, తీరిగ్గా చూసింది.

"మీ అక్క మంచం కాడ కూచోని ఏమని ఏడ్చావు? అచ్చు తీసినోడి గుర్తు ఎక్కడా లేదనేగా? ఇదిగో, నడి ఆకాశంలో ఉంది, కళ్లు లేనోడిక్కూడా కనపడుద్ది. ఈ సొట్ట ఉన్న మిషను ఢిల్లీ మొత్తం మీద నీ ఒక్కడి కాడే ఉంది. ఇంక కింద సంతకం కూడా ఎందుకయ్యా, పెన్సిలు దండగ!"