మా అక్క నవ్విన ఫోటో

మా బావ పోయాడు. మొన్న శ్రావణంలో, పొద్దుటి డ్యూటీ దిగి, ఫ్యాక్టరీ గేటు బయట చాయ్ గ్లాసు అందుకోబోతూ అక్కడే కూలబడ్డాడు. తోటివాళ్లు ఆటోలో వేసుకుని దవాఖానాకు ఉరికారు గానీ, చేరేసరికే ప్రాణం లేదు. ఏఎస్ రావు నగర్‌లో నేను పనిచేసే క్లినిక్ ల్యాబ్‌లో ఉండగా అక్క ఫోన్ చేసి, "చెల్లే, మీ బావ పోయిండే" అంది. "యాడికి పోయిండు?" అన్నాను నేను. కెమెరా తగిలించుకుని ఎటో పోయి ఉంటాడనే అనుకున్నాను. ఆయన విషయంలో నాకు ఇంకో అర్థం తోచనే లేదు.

మీకు ఆయన తెలియదు. కానీ ఉప్పల్, నాచారం వైపు తిరిగేవాళ్లయితే చూసే ఉంటారు. నెత్తిన నీలం టోపీ, మెడలో కెమెరా, చొక్కా గుండీలను సతాయించే బొజ్జ. స్కైవాక్ మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి, వెనక వచ్చేవాళ్లతో తిట్లు తినే మనిషి. ఆయనే మా బావ. ఆయన గురించి కుదురుగా, కన్నీళ్లు పెట్టుకుని రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా కుదరడం లేదు. ఏది తలుచుకున్నా లేచి చెప్పులు తొడుక్కోవాలనిపిస్తుంది.

నాచారంలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో ఆయన షిఫ్టు సూపర్‌వైజర్. ఊరు ఆలేరు దగ్గర. ఫోటోలు తీయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కోఠిలో ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా కొని ఇంటికి తెచ్చిన రోజు అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దినమంత డబ్బాలే, ఆయితారం గూడ డబ్బానేనా?" అంది. ఆనాటి నుంచి మా ఇంట్లో కెమెరా పేరు డబ్బా. బావకు ఆ పేరు మస్తు నచ్చింది. "డబ్బా ఛార్జింగుల వెట్టినవా?" అని ఆయనే అడిగేవాడు.

శనివారం సాయంత్రం నాకు ఫోన్ వచ్చేది. హలో లేదు, ఏం చేస్తున్నవ్ లేదు. "మరదలా, రేపు మబ్బు వట్టేటట్టుంది. తయారుండు." మబ్బు పడితే ఎవరైనా గొడుగు వెతుక్కుంటారు. మా బావ బ్యాగు వెతుక్కునేవాడు. "ఎండల మొకాలు చిట్లించుకుంటరు. మబ్బుల మనిషి మనిషి లెక్క కనిపిస్తడు" అనేవాడు. మా ఆయన ఆదివారం దుప్పటి ముసుగు తీయడు కాబట్టి, మల్కాజిగిరి నుంచి నాచారంలో వాళ్లింటికి నేనొక్కదాన్నే స్కూటీ మీద వచ్చేదాన్ని. నేను వచ్చేసరికి బావ గేటు బయట నిలబడి ఆకాశం చూస్తూ ఉండేవాడు. చాయ్ తాగి పోదామంటే, "చాయ్ యాడికి పోదు, ఎలుగు పోతది" అని నన్ను స్కూటీ దిగనిచ్చేవాడు కాదు.

ఆయన పద్ధతి ఒకటే: ఒకటి వాళ్లది, రెండోది మనది. ఇది మొదటిసారి నేను ఉప్పల్ రింగురోడ్డులో చూశాను. తుంపర పడుతోంది. ఒక హోంగార్డు ట్రాఫిక్ ఆపుతున్నాడు. బావ పక్కన చేరి, "అన్నా, ఒక్క ఫోటో" అన్నాడు.

"ఎందుకన్నా? పేపర్లకా?"

"గాదు. నీకే. వచ్చే ఆయితారం తెచ్చిస్త."

అంతే, ఆ మనిషి టోపీ సర్దుకుని కొయ్యబారిపోయాడు. మా బావ పాతకాలం స్టూడియో వాడిలా తన గడ్డం ఎత్తి చూపిస్తూ హుకుంలు జారీ చేశాడు. "గదువ జర పైకి. చేతులు కిందికి. కడుపు లోపలికి గుంజు. గట్టిగ గుంజన్నా, ఊపిరి బిగవట్టు!" క్లిక్. "అయిపోయింది" అన్నాడు. హోంగార్డు బుస్సున ఊపిరి వదిలాడు, బొజ్జ తన చోటికి తాను వచ్చేసింది, దాన్ని చూసుకుని ఆయనకే నవ్వొచ్చింది. క్లిక్. ఆ రెండోదాని కోసమే మొదటి నాటకమంతా.

తర్వాతి ఆదివారం రెండూ ప్రింటు తీయించి ఇచ్చేవాడు. మొదటిది మోసమేం కాదు, అదీ మంచిగానే తీసేవాడు. "గోడకు వెట్టుకునేది మొదటిది. పెండ్లాం దాసుకునేది రెండోది" అనేవాడు. స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు జనమంతా ఆటగాళ్ల బస్సు కోసం తోసుకుంటుంటే, మా బావ వాళ్లకు వీపు తిప్పి, చెంపల మీద జెండాలు వేసే కుర్రాడి వెంట పడ్డాడు. లోపలి నుంచి జనం అరుపులు వినబడుతుంటే నా కాళ్లు నిలవలేదు. "బావా, బస్సొచ్చింది!" అని చొక్కా పట్టి లాగాను. "ఆల్ల ఫోటోలు లోకమంత తీస్తది. గీ పోరడు తన చెంపకు తానే జెండ ఏసుకోలే, సూసినవా?" అన్నాడు. నిజమే, ఊరందరికీ రంగులు పూసిన వాడి ముఖం మాత్రం ఉత్తగా ఉంది. ఆ సంగతి నా కంటికి ఆనలేదు.

ఇన్ని వందల మంది దగ్గర పారిన పాచిక ఒక్క మనిషి దగ్గర పారలేదు. ఆ మనిషి మా అక్క.

మా అక్క పైపళ్లు కాస్త ముందుకు ఉంటాయి. చిన్నప్పుడు బళ్లో పిల్లలు పెట్టిన పేరు ఇక్కడ రాయను. అప్పటి నుంచి కెమెరా కనబడితే చాలు, మూతి ముడుచుకుపోతుంది. పెళ్లి ఆల్బమ్ మొత్తంలో ఒక్క పన్ను కనబడదు. ఆధార్ కార్డులో అయితే ఎవరినో కొట్టబోతున్నట్టు ఉంటుంది. ఇంట్లో నవ్వొచ్చినా చెంగు నోటికి అడ్డం వెళ్తుంది. బావకు ఉన్న కోరిక అదొక్కటే, చెంగు అడ్డం లేకుండా నవ్వుతున్న అక్క ఫోటో.

"గా నవ్వు నేనొక్కన్నే చూస్తున్ననే. ఆమె గూడ ఒక్కసారి సూసుకోవాలె. అద్దంల గాదు, అద్దం ముంగట గూడ మూతి బిగిస్తది" అన్నాడు నాతో ఒకసారి. ఆటలు పట్టించే గొంతుతో కాదు. అక్క తనను తాను నవ్వుతుండగా ఎప్పుడూ చూసుకోలేదన్న సంగతి, తోడబుట్టినదాన్ని, నాకు తట్టనే లేదు.

ఎన్ని వేషాలు వేశాడో! పాలు పొంగుతున్నప్పుడు, సీరియల్ మధ్యలో, ఆరేసిన దుప్పటి వెనక నుంచి. బతిమాలి నిలబెట్టి మొదటి ఫోటో తీసి "అయిపోయింది" అంటే అక్క రాయిలా అలాగే ఉండేది. "నాకు తెల్వదా నీ అయిపోయింది! నువ్వు డబ్బా లోపలవెట్టు, అప్పుడు కదుల్త" అనేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని. బావ నన్ను కోపంగా చూసి, "నీ నవ్వు ఎవనిక్కావాలె?" అనేవాడు.

ఇక ఆ ఆదివారం. ఆషాఢం, నల్లటి మబ్బు, మా బావకు పండుగ. పొద్దున్నుంచి నాచారంలో కరెంటు లేదు. ఫ్యాను లేని ఇంట్లో కూర్చోలేక, "నేను గూడ వస్త, జర గాలన్న తగుల్తది" అని అక్క మాతో బయలుదేరింది. బావ నా వైపు కనుబొమ్మలు ఎగరేశాడు. ముగ్గురం నాచారం చెరువు గట్టుకు నడిచాం. లకుముకి పిట్ట ఒకటి కరెంటు తీగ మీద కూర్చుని ఉంది. అలాంటిది దొరికితే అరగంట కదలని మనిషి ఆ రోజు దాని వైపు చూడనైనా చూడలేదు. ఆయన కన్నంతా అక్క చెంగు మీదే.

గట్టు మీద మక్క కంకులు కాల్చి అమ్మే పెద్దామె ఉంటుంది. కిందటి వారం బావ ఆమెకూ గదువ పైకి, కడుపు లోపలికి అని హుకుంలు ఇచ్చి ఫోటోలు తీశాడు. మమ్మల్ని చూడగానే, "ఏది నా ఫోటో?" అంది.

"స్టూడియోల్నే ఉన్నయమ్మా. ఆనికి గూడ కరెంటు లేదట. వచ్చే వారం పక్కా."

"పక్కానట! మరి గీమె ఎవలు?"

"నా పెండ్లాం."

"గీమె ఫోటో తీసినవా?"

"తియ్యనియ్యదమ్మా. మూతి బిగవడ్తది."

పెద్దామె విసనకర్ర పట్టుకుని లేచింది. "ఎందుకు బిగవట్టది? నువ్వు మందిని వెట్టే తిప్పలు అట్లుంటయి. ఇగో, ఇయ్యాల నువ్వు నిలవడు. ఆడ. గదువ పైకి!"

మా బావ బుద్ధిగా గదువ పైకెత్తాడు.

"చేతులు కిందికి! కడుపు లోపలికి గుంజు!"

గుంజాడు. విసనకర్రతో బొజ్జ మీద ఒక్కటి తట్టింది. "గిదేనా గుంజుడు? గట్టిగ! ఊపిరి బిగవట్టు!" బావ ముఖం ఎర్రబడింది. ఎంత గుంజినా ఆ బొజ్జ గుండీల దగ్గరే మొండికేసింది. కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. నేను నవ్వు ఆపుకుంటూ అక్క వైపు తిరిగాను. అక్క ఆపుకోలేదు. ఒక్కసారిగా, గట్టు మీద కొంగలు లేచేంత గట్టిగా నవ్వింది. బావ ఊపిరి వదలలేదు, కెమెరాను కంటి దగ్గరకూ ఎత్తలేదు. ఛాతీ మీద వేలాడుతున్నదాన్ని అలాగే కొంచెం పైకి తిప్పి మీట నొక్కాడు. క్లిక్.

తెర మీద బొమ్మ వచ్చింది. ఆయన చూశాడు, భుజం మీదుగా నేను చూశాను. "వచ్చిందే! మరదలా, వచ్చింది!" ఆ బురదలో ఆయన ఎగిరిన ఎగురుడు చూడాల్సింది. అక్క కళ్లు తుడుచుకుంటూ, "ఛీ, తీసెయ్యి దాన్ని, నేను సూడ" అని అటు తిరిగింది. "ఒక్కసారి సూడవే!" అని బావ కెమెరా పట్టుకుని ఆమె చుట్టూ తిరుగుతుండగానే తెర నల్లబడింది. కార్డు లేదు అని ఇంగ్లీషులో రెండు ముక్కలు వెలిగాయి.

మెమరీ కార్డు స్టూడియోలో ఉంది. పెద్దామె ఫోటోల కోసం శనివారం బావే ఇచ్చి వచ్చాడు, కరెంటు లేక అది అక్కడే ఉండిపోయింది. ఆ సంగతి తన నోటితోనే పెద్దామెకు చెప్పి కూడా చేతిలో ఉన్నది ఖాళీ కెమెరా అని ఆయనకు తట్టలేదు. ఆ కెమెరా కార్డు లేకపోయినా క్లిక్‌మంటుంది, తీసినదాన్ని కాసేపు చూపిస్తుంది, దాచిపెట్టదు. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. "మళ్ల తియ్యి బావా! అవ్వా, మళ్ల ఒకసారి గుంజమని చెప్పు!" అని అరిచాను.

బావ నల్లటి తెరనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నడుము మీద చేతులు వేసుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "మళ్ల తీస్తే నకలైతది. అసలుది వచ్చింది గదనే. నేను చూసిన. నువ్వు చూసినవ్. చాలు" అన్నాడు. నిజంగానే ఆ తర్వాత ఎప్పుడూ ప్రయత్నించలేదు. అక్క మాత్రం ఆ వారం నుంచి ప్రతి ఆదివారం మాతో వచ్చింది. కరెంటు ఉన్నా వచ్చింది.

బావ పోయిన రోజు ఇల్లు పట్టనంత జనం. ఫ్యాక్టరీ వాళ్లు, చుట్టాలు సరే. మాకు ముఖం తెలియని వాళ్లు అంతకంటే ఎక్కువ. "మీరేమైతరు?" అని అక్క అడిగితే, "ఏం గాము తల్లీ. సార్ మా ఫోటో తీసిండు" అన్నారు ఒక్కొక్కరే. హోంగార్డు డ్యూటీ మధ్యలో వచ్చి దండ వేసి వెళ్లాడు. పెద్దామె కంకుల బండి ఎవరికో అప్పజెప్పి వచ్చి, అక్క పక్కన నేల మీద కూర్చుంది. ఫ్రేము కట్టించింది ఫ్యాక్టరీ ఐడీ కార్డు ఫోటో. మెడ వరకే ఉంది గానీ, ఆ బిగుసుకున్న గదువ చూస్తే తెలుస్తుంది, కింద కడుపు లోపలికి గుంజే ఉన్నాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆయన మీద నాకున్న ప్రేమ ఎప్పుడూ అలాగే బయటపడేది.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం అక్క నా దగ్గరకు వచ్చి కూర్చుంది. కాసేపు చీర అంచు మడతలు పెట్టింది, విప్పింది.

"గా చెరువు కాడి ఫోటో... నేను సూడకపోతి. సూడమని ఎంత ఎంబడివడ్డడు! నువ్వు చూసినవ్ గదా చెల్లే. ఎట్లున్న నేను?"

ఇప్పుడు అది చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. అక్కకు చెప్పినట్టే మీకూ చెబుతున్నాను. కొంచెం ఏటవాలుగా వచ్చింది. వెనక చెరువు, మబ్బు, ఒక పక్కన కంకుల పొగ. కుడి కాలి చెప్పు సగం ఊడి ఉంది. చెంగు భుజం మీద నుంచి జారింది, రెండు చేతులూ కిందే ఉన్నాయి, ఒక్కటీ నోటి దాకా రాలేదు. పైపళ్లన్నీ కనబడుతున్నాయి, తెల్లగా, బారుగా, మస్తు అందంగా. కళ్లు కెమెరాను చూడటం లేదు. దానికి జానెడు పైకి, ఊపిరి బిగబట్టి ముఖం ఎర్రగా చేసుకుని నిలబడ్డ ఒక లావుపాటి మనిషిని చూస్తున్నాయి.