రెండో కీపరు, ఒక సెలవు కాగితం

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్లు, సౌదీలో దమ్మామ్ పొలిమేరలో ఒక లేబర్ క్యాంపు టైమ్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, జీవితంలో ఒకే ఒక్క ఆశయం. ఆ ఆశయం ఇల్లు కట్టడమో చెల్లెలి చదువో అని మీరు అనుకుంటే నా మీద మీకున్న గౌరవానికి థాంక్స్. మా క్యాంపు క్రికెట్ జట్టుకి ఒక్క మ్యాచులోనైనా వికెట్ కీపింగ్ చేయాలి, అదీ సంగతి. శుక్రవారం తెల్లారుతూనే, ఎండ మాడ్చకముందే, క్యాంపు వెనక గట్టి ఇసుక మైదానంలో టేపు చుట్టిన టెన్నిస్ బంతితో ఆడేవాళ్లం. నేను రెండో కీపర్ని. అంటే మంచినీళ్ల సీసాలు మోయడం, ముళ్ల తుప్పల్లో బంతి వెతకడం, ఓవరు అయినప్పుడల్లా మొదటి కీపర్ దగ్గరికి వెళ్లి “అన్నా, వేలికి ఏం తగల్లేదు గదా?” అని ఆశగా అడగడం నా విధులు.

ఆ మొదటి కీపర్ మా క్యాంపు ఏసీ మెకానిక్. నిజామాబాద్ వైపు మనిషి. బంతి చేతికి వస్తే అతుక్కుపోతుంది కాబట్టి అందరూ జిగురన్న అనేవాళ్లు. ఆయనకు జ్వరం రాదు, జలుబు చేయదు, కాలు బెణకదు. ఆయన ఆరోగ్యం గురించి నేను కనుక్కున్నంతగా ఆయన ఇంటివాళ్లు కూడా కనుక్కుని ఉండరు (వాళ్ల ఉద్దేశం వేరు, నాది వేరు). ఇలా రెండేళ్లు గడిచాయి. ఒకరోజు మా కెప్టెన్, కడప నుంచి వచ్చిన బస్సు డ్రైవరు భాయ్, నన్ను పక్కకి పిలిచాడు. “అబ్బీ, నువ్వు బాగా పరిగెత్తుతావు. ఆ గ్లోవ్స్ మీద ఆశ ఇడ్సిపెట్టి బౌండరీ కాడ నిలబడు. ఈ వారం నుంచే ఆడిచ్చా” అన్నాడు. “లేదు భాయ్, నేను కీపర్ని” అన్నాను, ఛాతీ విరిచి. “ఏం కీపరువిరా సామీ! రెండేండ్లాయ, బాలు నిన్ను ముట్టుకున్న పాపాన పోలేదు!” అని భాయ్ నెత్తి కొట్టుకున్నాడు.

ఆ సాయంత్రానికి క్యాంపు వాట్సాప్ గ్రూపులో నా భవిష్యత్తు మీద చర్చ మొదలైంది. జీతాలు ఆలస్యమైనప్పుడు కూడా అంత చర్చ జరగలేదు. వాడు బౌండరీకి మారితే వాడికీ మంచిది, జట్టుకీ మంచిది అన్నది ఒక పక్షం. రేపు జిగురన్నకి ఏమన్నా అయితే గ్లోవ్స్ ఎవరు తొడుక్కోవాలి, వాడు కీపర్‌గానే ఉండాలి అన్నది రెండో పక్షం. రెండో పక్షంలో ఇద్దరు ఉన్నారు. ఒకడు నా రూమ్మేటు, రెండోవాణ్ని నేను.

సరిగ్గా అప్పుడే ఫైనల్ తేదీ తెలిసింది. మూడు వారాల్లో, పోర్టు వైపు క్యాంపుతో. నా బుద్ధి గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నా సొరుగులో అడుగున, టీ మరకలు పడ్డ ఫైలు కింద, జిగురన్న సెలవు దరఖాస్తు నాలుగు నెలలుగా పడి ఉంది. “ఎండాకాలం మెకానిక్‌ని ఎలా పంపుతాం, తర్వాత చూద్దాం” అని క్యాంపు ఇన్‌చార్జి అంటే, సరే సార్ అని సొరుగులో పడేసింది నేనే. ఆయన ఇంటికి పోయి రెండేళ్లు దాటింది. ఆయన ఇక్కడికి వచ్చాక పుట్టిన కూతుర్ని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ ఆ కాగితం బయటికి తీసింది మాత్రం ఫైనల్ తేదీ తెలిసిన రోజునే.

ఇక నా చురుకు చూడాలి. ఫారమంతా ఒక్క పూటలో నింపేశాను. ఒక్క గడి మిగిలింది: ఈయన లేనప్పుడు పని చూసేవారు. మిగతా ఇద్దరు మెకానిక్‌లనీ అడిగితే, “ఈ ఎండల మా పనే మాకు ఎక్కువైంది, పోవయ్యా” అని తరిమారు. గడి ఖాళీగా ఉంటే నింపడం గుమాస్తా ధర్మం కదా అని అందులో నా పేరు రాసేశాను. గడి నిండిందా లేదా అని మాత్రం చూసి ఇన్‌చార్జి పైకి పంపాడు. పై మేనేజరు కట్టలో ఒకటిగా చదవకుండా సంతకం పెట్టాడు. పది రోజుల్లో, ఇంటికెళ్లి తిరిగి రావడానికి ఇచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా చేతికొచ్చింది. మా క్యాంపులో అంత త్వరగా ఎవరికీ రాలేదు.

బయల్దేరే రోజు జిగురన్న ఆఫీసుకి వచ్చాడు. “తమ్మీ, నాలుగు నెలల సంది అందర్ని బతిమాలిన. ఎవ్వరు పట్టించుకోలే. నువ్వొక్కనివే నా బిడ్డ గురించి ఆలోచించినవ్” అని నా చేతులు పట్టుకుని, తన గ్లోవ్స్ నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. నేను బల్ల మీది స్టాంపు ప్యాడు వైపు చూస్తూ నిలబడ్డాను. అంత సిగ్గు నేను అంతకుముందు ఎరగను. (గ్లోవ్స్ మాత్రం ఆ రాత్రి తల కింద పెట్టుకునే పడుకున్నాను.)

ఫైనల్ రోజు గ్లోవ్స్ తొడుక్కుని మైదానం వైపు నాలుగడుగులు వేశానో లేదో, ఇన్‌చార్జి ఫైలు చంకలో పెట్టుకుని ఎదురొచ్చాడు. “మెస్ హాల్ కూలింగ్ మాఫీ! సబ్‌స్టిట్యూట్ ఎవరు?” అని అరిచి (మాఫీ అంటే అక్కడి అరబ్బీలో ‘లేదు’ అని), ఫైలు తెరిచి, నా పేరు చూసి, నన్ను చూశాడు. నాకు ఏసీ గురించి తెలిసింది ఒక్కటే, రిమోట్ నొక్కితే చల్లగాలి వస్తుందని. ఆ మాట చెప్పుకోలేను, చెబితే సెలవు కాగితం తప్పుడు కాగితమవుతుంది. ఇంకో క్యాంపు మెకానిక్ వచ్చేదాకా మూడు గంటలు మెస్ కప్పు మీద యంత్రం పక్కన స్పానరు పట్టుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి మైదానం చక్కగా కనిపిస్తుంది. వికెట్ల వెనక మా మెస్ వంటమనిషి నిలబడి ఉన్నాడు, బొజ్జ ముందుకేసుకుని. ఏసీ లేక వంట ఆగిపోవడంతో ఖాళీగా దొరికాడట. మూడు క్యాచ్‌లు పట్టాడు. మేం గెలిచాం. సాయంత్రం భాయ్ నా భుజం తట్టి, “బాధపడాకు అబ్బీ, ఇంగ నువ్వు మూడో కీపరువి” అన్నాడు.

రెండు నెలలకు జిగురన్న తిరిగొచ్చాడు. అందరికంటే ముందు నా దగ్గరికే వచ్చాడు. “మీ బాపు వచ్చిండే అంటే, బిడ్డ నా దిక్కు సూడనేలేదు తమ్మీ. ఉరికిపోయి ఫోన్ తెచ్చింది. బాపంటే అండ్ల ఉంటడు అనుకున్నది. మూడో దినం గాని నా ఒళ్లెకి రాలే. మల్ల బయల్దేరేటప్పుడు ఇడిసిపెట్టలే” అని నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన మొహం చూసి మూసుకున్నాను. ఆ సాయంత్రమే భాయ్ దగ్గరికి వెళ్లి, “నన్ను బౌండరీకి పంపు” అన్నాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. జిగురన్న ఊరుకోలేదు. సెలవు కావాలంటే టైమ్ ఆఫీసు తమ్ముడి దగ్గరికి పొండి, ఆయన మనసు బంగారమని క్యాంపంతా చెప్పాడు. మర్నాటి నుంచి నా బల్ల ముందు వరుస. అందరూ నేను మంచివాణ్నని నమ్ముతూ నిలబడితే, కాదని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. దాంతో ఒక్కో కాగితం పట్టుకుని ఇన్‌చార్జి చుట్టూ, మేనేజరు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాను. మొన్న ఒక కుర్ర ఫిట్టరు సెలవు దొరికిందని కన్నీళ్లు పెట్టుకుంటే, “ఇందులో నాదేముందయ్యా” అన్నాను. అది వినయం అనుకుని వాడు నాకు ఇంకోసారి దండం పెట్టి వెళ్లాడు.