ఎడమకాలి మెట్టె

అక్టోబరులో ఒక శనివారం పొద్దున్నే నరసింహ తనకు తెలిసిన పెద్దాయన వీరభద్రరావుకు ఫోన్ చేశాడు.

"మీ మెటల్ డిటెక్టర్ ఈ ఒక్కరోజు ఇస్తారా?"

వీరభద్రరావు రిటైరయ్యాక ఆ పనిలో పడ్డాడు. సిటీ ఆఫీసులో పర్మిషన్ తీసుకుని, వారాంతాల్లో, అమెరికాలో తాముండే అల్ఫారెట్టా ఊరి పార్కుల్లో పాత నాణేల కోసం తిరుగుతుంటాడు.

"ఇవ్వడమేంటయ్యా, నేనే వస్తా. ఏం పోయింది?"

"తార మెట్టె అండీ."

నరసింహ భార్య తార క్యాన్సర్‌తో పోయి ఎనిమిది నెలలైంది.

కీమో మొదలయ్యాక తారకు అరికాళ్లు మంటలెత్తేవి. సాయంత్రాలు పార్కుకు వెళ్లి, చెప్పులు విడిచి తడిగడ్డి మీద నడిస్తే కొంచెం హాయిగా ఉండేది. కిందటేడు సెప్టెంబరులో ఒకరోజు ఇంటికొచ్చి చూసుకుంటే ఎడమకాలి మెట్టె లేదు. అప్పటికే వేళ్లు సన్నబడిపోయాయి. ఎప్పుడు జారిందో, ఏ పార్కులో జారిందో ఆమెకూ తెలియలేదు.

"రేపు వెళ్లి వెతుకుదామా?" అని అడిగింది.

"వెండిదే కదా తారా. కొత్తవి ఆర్డర్ చేస్తాలే," అన్నాడు నరసింహ, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. బీమా కంపెనీలో అతనిది డేటాబేస్ ఉద్యోగం. ఆ వారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది.

కొత్తవి వచ్చాయి. తార డబ్బా తెరిచి చూసి మూసేసింది. "ఇవి పెళ్లిలో నువ్వు తొడిగినవి కావుగా," అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఫిబ్రవరిలో ఒక కాలికే మెట్టెతో ఆమెను సాగనంపాడు. ఆ పాదాలు చూసినప్పటి నుంచి అతనికి సరిగ్గా నిద్ర లేదు.

శశికళ కూడా వచ్చింది. తారకు దగ్గరి స్నేహితురాలు, వరంగల్ మనిషి. ఎక్కువసార్లు తారతో పాటు నడిచింది ఆమే కాబట్టి, ఏ పార్కులో ఏ వైపు తిరిగేవాళ్లో చూపించగలదు.

"ముందే చెప్తున్నా," అన్నాడు వీరభద్రరావు హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటూ. "చిన్న వెండి ముక్కకీ, కోక్ డబ్బా మూత రింగుకీ దీనికి పెద్ద తేడా తెలీదు. మోగిన ప్రతిచోటా తవ్వాల్సిందే."

తవ్వారు. వీరభద్రరావు మోగిన చోటు చూపిస్తే, నరసింహ మోకాళ్ల మీద కూర్చుని చిన్న తాపీతో గడ్డి చెక్క లేపి, మట్టి వేళ్లతో నలిపి చూసేవాడు. మొదటి పార్కులో డబ్బా రింగులు, రెండు పెన్నీలు, ఒక కుక్క మెడబిళ్ల. రెండో పార్కులో బెంచీ పక్కన తెల్లగా గుండ్రంగా ఏదో మెరిసింది. మట్టి తుడిస్తే తాళాలు తగిలించుకునే రింగు. దాన్ని దూరంగా విసిరేసి, మళ్లీ తనే వెళ్లి ఏరుకొచ్చి చెత్తబుట్టలో వేశాడు.

మూడో పార్కుకు చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. నరసింహ మోకాళ్ల దగ్గర ప్యాంటు తడిసి నల్లబడింది. శశికళ తెచ్చిన పులిహోర ఎవరూ ముట్టలేదు.

"ఈ మేపుల్ చెట్టు దగ్గర వెతకండి," అంది శశికళ. ఆగి, "ఆమె కూడా ఇక్కడే వెతికింది," అంది.

నరసింహ తలెత్తాడు. "ఎవరు?"

"తార. మీరు వద్దన్న తెల్లారి, మీరు ఆఫీస్‌కి పోయినంక ఊబర్ బుక్ చేసుకుని ఒక్కతే వచ్చింది అన్నా. మోకాళ్ల మీద కూసుని చేతులతోటి గడ్డి దువ్వి చూసిందట. మళ్ల లేవనీకి చాతకాలే. గంటసేపు అట్లనే ఉన్నది. ఎవరో లేపి కూసోబెట్టి నాకు కాల్ చేసిన్రు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది. మీకు రిలీజ్ ఉన్నది, టెన్షన్ పెట్టొద్దన్నది."

నరసింహ తాపీ పక్కన పెట్టి రెండు చేతులతో గడ్డి దువ్వడం మొదలుపెట్టాడు. డిటెక్టర్ మోగని చోటా దువ్వాడు. వీరభద్రరావు హెడ్‌ఫోన్స్ తీసేసి, "ఒరేయ్ నరసింహా, ఇక చాలు, లే," అని భుజం పట్టుకున్నాడు. అంత పెద్దాయన తనను ఒరేయ్ అని పిలవడం అదే మొదటిసారని కూడా నరసింహ గమనించలేదు.

కుక్కతో నడుస్తున్న ఒక తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ ఆగింది. ఏం పోయిందని ఇంగ్లీషులో అడిగింది. మెట్టెను ఏమనాలో అతనికి తోచలేదు. నా భార్య ఉంగరం, అన్నాడు.

"అయ్యో, ఆమె బాధపడుతోందా?"

"అవును," అన్నాడు నరసింహ. "చాలా."

"దొరుకుతుందని చెప్పు. బెంగపడొద్దని చెప్పు," అని ఆవిడ అతని వీపు తట్టి వెళ్లిపోయింది.

నరసింహ అక్కడే నేలకు నుదురు ఆనించి ఏడ్చాడు. శశికళ పక్కనే చతికిలబడింది. వీరభద్రరావు తవ్విన గుంతల్లో మట్టి వేసి, గడ్డి చెక్కలు పెట్టి ఒక్కొక్కటే తొక్కుతూ తిరిగాడు.

మెట్టె దొరకలేదు. తర్వాతి రెండు శనివారాలు కూడా వెతికారు. ఆ పై శనివారం వీరభద్రరావు ఫోన్ చేస్తే నరసింహ ఎత్తలేదు. అప్పటికే ఒక్కడే వెళ్లి, మేపుల్ చెట్టు కింద మోకాళ్ల మీద కూర్చుని గడ్డి దువ్వుతున్నాడు.