బైకు మీద నుంచి పడని ఓబులేసు

2004 వేసవి. కడపలో ఒక మెడికల్ షాపు మేడ మీద రెండు గదుల్లో నా ఆఫీసు ఉండేది. నేను వకీలు వృత్తిలోకి వచ్చి అప్పటికి పదకొండేళ్ళు. కార్మికుల కేసులు ఎక్కువగా చూసేదాన్ని కాబట్టి సిమెంటు మూటలు మోసేవాళ్ళ దగ్గర్నుంచి నాపరాయి కోసేవాళ్ళ దాకా అందరూ నా మెట్లెక్కేవారు. ఓబులేసు మాత్రం ఎక్కలేదు. ఆయన భార్య నాగమ్మ ఒక్కతే పైకొచ్చి, "మా ఆయప్పకు కాలు ల్యాదు మేడమ్, కిందనే కూచున్యాడు. మీరే దిగి రావల్ల," అంది. దిగి వెళ్ళాను.

షాపు అరుగు మీద చంకకర్రలు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. కమలాపురం రోడ్డులో నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు పనిచేశాడు. గని నుంచి వచ్చిన బండను చైన్ పుల్లీతో, అంటే గొలుసు లాగితే బరువును పైకెత్తే యంత్రంతో లేపి, కోత మిషన్ మీదికి తిప్పి దించడం ఆయన పని. ఆ పుల్లీ కొక్కేనికి, బండకు కట్టిన తాడు జారకుండా అడ్డంగా ఒక రేకు ఉండాలి. అది ఊడిపోయి మూడు నెలలైతే, మూడు నెలలూ బైండింగ్ వైరు చుట్టి పని నడిపారు. ఒకరోజు పొద్దున వైరు తెగి, తాడు జారి, బండ ఓబులేసు కుడికాలి మీద పడింది.

ఇలాంటి దెబ్బను డాక్టర్లు క్రష్ ఇంజ్యురీ అంటారు. ఎముక ఒకచోట విరిగితే కట్టు కడతారు, అతుక్కుంటుంది. ఇది అలా కాదు. ఎముక, కండ, నరం, రక్తనాళం అన్నీ కలిసి నలిగిపోతాయి. ఓబులేసు కాలును మూడో రోజు మోకాలి కింద తీసేశారు.

"జరిగి ఎన్నాళ్ళాయప్పా?" అని అడిగాను.

"ఎనిమిది నెలలాయ మేడమ్."

"ఇన్నాళ్ళూ ఏం చేస్తాంటివి?"

"గేటు కాడ కాపలాకు కూచోబెడతానని ఫ్యాక్టరీ సావుకారి చెప్పె. ఇప్పుడు వాళ్ళ బావమరిదిని పెట్టుకున్యాడు."

"ఆస్పత్రిలో ఏమని రాయించినావు?"

నాగమ్మే అందుకుంది. "బైకు మీంచి పడినానని చెప్పినాడు మేడమ్. కార్లో తీసకపోతా తీసకపోతా సావుకారి నేర్పిచ్చినాడంట."

"నీకు బైకుందా?"

"ల్యాదు మేడమ్."

"తోలడమైనా వచ్చా?"

"నాకు సైకిలే రాదు."

ఆ ఎండలో నాకు నిజంగానే తల తిరిగింది. క్యాజువాలిటీలో యాక్సిడెంట్ రిజిస్టర్ అని ఒక పుస్తకం ఉంటుంది. గాయంతో వచ్చిన మనిషికి ఎక్కడ, ఎలా తగిలిందో డాక్టరు అందులో రాస్తాడు. తర్వాత మనం ఎన్ని అఫిడవిట్లు వేసినా, ఆ మొదటి రోజు రాత ముందు అవి నిలబడటం కష్టం. ఆ ఒక్క పుస్తకంలో, తన నోటితో, ఈ మనిషి తన కేసును తానే నీళ్ళలో కలిపి వచ్చాడు. కడుపు మండి చెడామడా తిట్టాను. అంతా విని, "సావుకారిది తప్పేముంది మేడమ్? బండ కింద కాలు పెట్టింది నేనే గదా," అన్నాడు. నాకు ఇంకా ఒళ్ళు మండింది. అయినా కేసు వేశాను.

వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్, అంటే పనిలో దెబ్బ తగిలినవాళ్ళకు పరిహారం ఇప్పించే కేసులు కోర్టులో కాదు, కార్మిక శాఖ అధికారి ముందు నడుస్తాయి. అక్కడ తప్పెవరిదని తేల్చాల్సిన పని కూడా లేదు. ఓబులేసు అక్కడి పనివాడనీ, పనిలోనే దెబ్బ తగిలిందనీ చూపిస్తే చాలు. అందుకే సావుకారు తప్పు గురించి మాట్లాడకుండా అసలు ప్రమాదమే జరగలేదని బుకాయించాడు. ఆ రోజు ఓబులేసు పనికే రాలేదన్నాడు. హాజరు పుస్తకంలో ఆ రోజు గడి ఖాళీ. తోటి పనివాళ్ళలో ఒక్కడూ సాక్ష్యానికి రాలేదు. వాళ్ళ కూలీ కూడా ఆ గేటు లోపలే ఉంది మరి.

ఒక వాయిదాకు అధికారి క్యాంపు, ఇంకో వాయిదాకు అవతలి వకీలుకు జ్వరం, మరో వాయిదాకు టైపిస్టు లేడు. ఓబులేసు ప్రతిసారీ రెండు బస్సులు మారి కర్రల మీద వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. సావుకారు లోపలికి రాగానే లేచి నిలబడి దండం పెట్టేవాడు. ఒకసారి, "మోకాళ్ళ నొప్పులు తగ్గినాయా సామీ?" అని కూడా అడిగాడు. కాలు పోగొట్టుకున్నవాడు, పోగొట్టినవాడి మోకాళ్ళ గురించి! ఆరోజు ఫైలు ఆయన ఒళ్ళో పడేసి పోదామనుకున్నాను. నాగమ్మ ముఖం చూసి ఆగాను.

ఆ నాగమ్మే ఒక వాయిదా రోజు వరండాలో చెప్పింది. "మీకు తెలుసునా మేడమ్, మా ఆయప్ప కాలు మీద బండ పడిన రెండో దినం పుల్లీ కింద పొట్టేలును కోసినారంట. కోసిందాక ఒక్కడు గూడా గొలుసు ముట్టల్యాదంట."

మా వైపు మిషను దగ్గర మనిషి రక్తం పడితే శాంతి చేయందే ఎవరూ దాన్ని తాకరు. అది నాకు తెలియంది కాదు. ఏడాదిన్నరగా కాగితాల్లో తల దూర్చి అసలు ఆ సంగతే అడగలేదు. నా మీద నాకే విసుగొచ్చింది.

సావుకారు క్రాస్ ఎగ్జామినేషన్‌కు, అంటే అవతలి సాక్షిని మనం ప్రశ్నించే ఘట్టానికి, మొత్తానికి రోజు వచ్చింది. ఆయన తొణక్కుండా జవాబులు చెబుతున్నాడు. ప్రమాదమే జరగలేదు. ఓబులేసు రానేలేదు. అప్పుడడిగాను.

"మరి మర్నాడు మీ పుల్లీ కింద పొట్టేలును కోయించి, రక్తం చల్లించింది ఎందుకు?"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఏం మాట్లాడతాండావమ్మా? మా వంశంలో నీచు ముట్టినోళ్ళు ల్యారు. మేం పొట్టేళ్ళు కోయిస్తామా? అయ్యవారిని పిలిపిచ్చి శాంతి చేయించి, గుమ్మడికాయ కొట్టించినా. అంతే!"

ఆయన వకీలు సగం లేచాడు. నేను ఆగలేదు. "ఎక్కడ?"

"పుల్లీ కిందనే."

"ఎందుకు?"

"ఎందుకంటావేమి? మనిషి రక్తం పడిన తావున ఊరికే పని జరుగుతాదా..." అని ఆగిపోయాడు.

అధికారి కళ్ళజోడు తీసి, "ఎవరి రక్తం?" అన్నాడు.

సావుకారు బెంచీ మీదున్న ఓబులేసు వైపు చూశాడు. ప్రమాదం గురించి నిదానంగా అబద్ధమాడిన మనిషి, ఆ పూజ గురించి ఆడలేకపోయాడు. "ఓబులేసుది," అన్నాడు.

బయటికి రాగానే, కేసు నిలబడిందని సంతోషంగా చెప్పాను. ఓబులేసు మాత్రం, "పాపం, ఆయప్పను అంతమంది ముందర అట్ల అడిగితిరే మేడమ్," అన్నాడు. నేను ఆటో ఎక్కాను.

రెండు నెలలకు ఆర్డరు వచ్చింది. మేం గెలిచాం. నేను మళ్ళీ కిందికి దిగి, అదే అరుగు మీద కూర్చుని చదివి తెలుగులో చెప్పాను. డబ్బు ఎంతో విని నాగమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఓబులేసు ఎంతని అడగలేదు.

"తప్పెవరిదని రాసినారు మేడమ్?"

రాయాల్సిన అవసరం లేకపోయినా అధికారి ఒక వాక్యం రాశాడు. కొక్కెం బాగు చేయించకుండా వైరు చుట్టి పని నడపడం యజమాని నిర్లక్ష్యం అని. అది చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

"బండ కింద కాలు పెట్టింది నేను గదా?"

"బండను తిప్పేటోడు ఆడ గాక ఇంక యాడ నిలబడతాడప్పా? నీ తప్పు ఏమీ ల్యాదు."

ఆయన ఏడ్చాడు. అరుగు మీద, మందులు కొనుక్కునేవాళ్ళందరి ముందూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి, "నా కూతురు అడుగుతాంటాది మేడమ్, నాయనా నీకు కండ్లు కనపడల్యాదా అని. ఏం చెప్పల్లో తెలిసేది కాదు. కార్లో సావుకారి నీదే తప్పనె. అదే నిజమనుకుంటి," అన్నాడు.

రెండేళ్ళుగా ఆయనది భయమనీ, బానిస బుద్ధి అనీ అనుకుంటూ విసుక్కున్నాను. ఆయన నిజంగానే అలా నమ్ముతున్నాడన్న అనుమానమే నాకు రాలేదు. సావుకారిది తప్పని పిటిషన్లో రాశాను, వాదనలో చెప్పాను, టైపిస్టుతో కొట్టించాను. ఆ మాట ఓబులేసుకు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు నలిగిన చెయ్యితోనో కాలుతోనో ఎవరొచ్చినా, ఆస్పత్రిలో ఏం రాయించావని అడిగే ముందు, అది నీ తప్పు కాదని చెబుతాను. చాలామంది నమ్మరు. మళ్ళీ చెబుతాను.