నాలుగులో ఒకటి, మా సాంబ వంతు

నిన్న కార్తీక సోమవారం.

తెల్లవారకముందే లేచి స్నానం చేసి, తులసి కోట దగ్గర దీపం పెట్టాను. నాకు ఉపవాసం. మా ఆయనకు మాత్రం టీ కాచి ఇచ్చాను. ఆయన మిరప తోటకు బయల్దేరుతూ, రేపు కాలవ నీళ్ళు కదా, మా చిన్న తమ్ముడు సాంబకు ఒకసారి ఫోన్ చెయ్యమన్నారు.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అంతలో అదే మోగింది.

పెద్ద తమ్ముడు కోటి.

"అక్కా, సాంబ లేడక్కా."

పొద్దున్నే ఎక్కడికి వెళ్ళాడురా అని అడిగాను. కోటి బావురుమన్నాడు. అప్పుడు అర్థమయింది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నలభై ఎనిమిదేళ్ళు.

సాంబ మా అందరిలోకీ చిన్నవాడు. నరసరావుపేటలో ఒక కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ పని. సెలవు రోజుల్లో చేను.

దూరాన ఉన్న మిత్రులకు ఒక విషయం చెప్పాలి. మాది కాలవ కింద ఒకే తూము, ఇరవై నాలుగు ఎకరాలు. బాబాయ్‌కి ఏడు. కోటికి ఆరు, సాంబకు ఆరు. నాకు నాన్న ఇచ్చిన అయిదు. నాన్న పోయాక నీళ్ళ దగ్గర బాబాయ్‌కీ కోటికీ మాట పడింది. రెండేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

వాళ్ళను కలిపింది సాంబ వేసిన Excel sheet.

నీళ్ళు ఒకసారి పగలూ రాత్రీ వదులుతారు, ఒకసారి పన్నెండు గంటలే. అందుకని గంటలు రాస్తే కుదరదు, వాటాలు రాయాలి అన్నాడు. అదీ ఎవరు చూసినా తెలిసేట్టు ఉండాలి. ఇరవై నాలుగులో ఆరు అంటే ఆలోచించాలి, నాలుగులో ఒకటి అంటే చాలు.

మొదటిరోజు నేను పక్కనే కూర్చున్నాను. వాడు 7/24 అని కొడితే అది తేదీ అనుకుని జూలై నెల చూపించింది.

"అక్కా, బాబాయ్ జూలై. నువ్వు మే. నేనూ కోటన్నా జూన్" అని ఒకటే నవ్వు.

తర్వాత ఆ గడులను fractionకి మార్చి మళ్ళీ కొట్టాడు. 6/24 దానంతట అదే 1/4 అయింది. Print తీసి తూము పక్క షెడ్డులో అంటించాడు.

నాలుగో రోజు మేం ముగ్గురం సాంబ ఇంట్లో ఉండగా బాబాయ్ ఆ కాగితం పీక్కుని వచ్చాడు. ఆయన వాటా 2/7 అని ఉంది. ఫోన్‌లో లెక్క వేసుకున్నాడు. పగలూ రాత్రీ నీళ్ళు వదిలిన రోజున ఏడు గంటలకు తొమ్మిది నిమిషాలు తక్కువ.

"ఒరేయ్ సాంబా, నా తొమ్మిది నిమిషాలు ఏడబోయినయ్? మీ అన్న చేలోకా?"

కోటి లేచాడు. మళ్ళీ మొదలవుతుందని నేను లోపల శివ శివా అనుకున్నాను.

సాంబ కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. Laptop తెచ్చి బాబాయ్ ముందు పెట్టాడు. గీత కింద ఒక్క అంకె వరకే చూపించమని వాడు setting పెట్టాడట. ఇరవై నాలుగుకు రెండు అంకెలు కావాలి. చోటు చాలక అది దగ్గర్లో ఉన్న వాటాను చూపించింది.

"లోపల ఏడే ఉంది బాబాయ్. పైకి తప్పు చూపిస్తంది. పొరపాటు నాదే. అన్నను ఏమీ అనమాక."

ఆ setting రెండు అంకెలకు మార్చాడు. 7/24 వచ్చింది. నాదీ 1/5 పోయి 5/24 అయింది. నాకు పన్నెండు నిమిషాలు పోతున్నట్టు అప్పటిదాకా నేను చూడనే లేదు. వాడిదీ కోటిదీ 1/4 అలాగే ఉన్నాయి.

బాబాయ్ కళ్ళజోడు సవరించుకుని నాలుగు గడులూ చూశాడు. తర్వాత కోటి వైపు తిరిగి, టీ తాగుదాం రారా అన్నాడు. రెండేళ్ళ తర్వాత అదే మొదటి మాట.

నిన్న మధ్యాహ్నం వాణ్ణి సాగనంపాము.

తిరిగి వచ్చి స్నానాలు చేసి అరుగు మీద కూర్చున్నాం. తెల్లారితే నీళ్ళు. మొదటి వంతు సాంబది. వాడి మిరప పూత మీద ఉంది. కూతురు చదువుకు ఆ చేనే ఆధారం.

మా మరదలు, సాంబ భార్య పద్మ ఎప్పుడూ కాలవ గట్టు ఎక్కలేదు. నీళ్ళు పెట్టేవాడే లేడు కాబట్టి, ఈ ఒక్కసారికీ ఆ వంతు మిగతా ముగ్గురం పంచుకుందామని కోటి అన్నాడు. వాడి మనసులో చెడు లేదు. కానీ ఒకసారి పేరు తీసేసిన వంతు మళ్ళీ రావడం నేను చూడలేదు. పద్మ లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అన్నీ వింటూ ఉంది.

ఆ మాట అననా వద్దా అని నేను చూస్తుండగా బాబాయ్ అందుకున్నాడు.

"వాడు నా నీళ్ళు ఒక్క నిమిషం పోనియ్యలేదురా. వాడి పెళ్ళాం నీళ్ళు మనం తోడుకుంటామా?"

కోటి తల వంచుకున్నాడు. "తప్పే బాబాయ్, నేను పెడతాలే" అన్నాడు.

అలా తేలింది. వంతు వంతుగానే ఉంటుంది. Sheetలో సాంబ పేరు ఉన్న చోట పద్మ పేరు వస్తుంది. తనకు చేతనయ్యేదాకా కోటి తన చేనికంటే ముందు ఆ చేనికి నీళ్ళు పెడతాడు. ఏ గడి మార్చాలన్నా ముందు పద్మను అడగాలి.

సాంబా, వెళ్ళిరా నాయనా. ఆ త్రికోటేశ్వరస్వామి నిన్ను తన నీడన చల్లగా ఉంచాలి.