మా బ్యాండ్ ఆగిపోయింది ఉద్యమం వల్ల కాదు

యూనివర్సిటీలో మాకొక మెటల్ బ్యాండ్ ఉంది. నేను డ్రమ్స్ వాయిస్తాను. పాడే నరేష్‌ది నల్గొండ, గిటార్ వాయించే ప్రతాప్‌ది కడప. పది నిమిషాల పాటలు, పాట మధ్యలో మారిపోయే తాళాలు, అదే మా గర్వం. కొత్త ఆల్బంలో నరేష్ పట్టుబట్టి, అందరూ పాడుకునేలా చిన్న పాటలు చేయించాడు. కొత్త శ్రోతలు వచ్చారు, పాతవాళ్లు తిట్టారు. ప్రతాప్ అయితే నరేష్‌తో మాటలే మానేశాడు. ప్రాక్టీసూ ఆగిపోయింది.

ఈ రోజు తెలంగాణ బంద్. బస్సులు లేక క్యాంపస్ నుంచి తార్నాకకు నడిచి వస్తే, సగం షట్టర్ దించిన టీ కొట్టు దగ్గర ఇద్దరూ చెరో మూల నిలబడి ఉన్నారు. అంతలో ఒక జూనియర్ వచ్చి నరేష్‌ని జాలిగా అడిగాడు.

"ఏందన్నా, తెలంగాణ లొల్లిల మీ బ్యాండ్ గూడ పోయిందట గదా?"

"ఎవడన్నడ్రా? మాకు లొల్లయింది ఆల్బం కాడ," అన్నాడు నరేష్.

"నిజమే అబ్బీ, ఆ చెత్త ఆల్బంతోనే చెడింది," అన్నాడు ప్రతాప్ అవతలి మూల నుంచి.

"చెత్తనా? హాస్టల్ల అందరు అవే పాడుతున్నరు!"

"అందరూ పాడితే మంచి పాటైపోతాదా?"

జూనియర్ మెల్లగా జారుకున్నాడు. వీళ్లిద్దరూ ఇంకో టీ చెప్పి, దగ్గరికి జరిగి మరీ పోట్లాడుకున్నారు. నువ్వు ఎటువైపని ఊరంతా అడుగుతున్న ఈ రోజుల్లో, ఆ పోట్లాట వింటుంటే నాకు ప్రాణం కుదుటపడింది.

ఆల్బం మంచిదో కాదో నాకింకా తేలలేదు. విన్నవాళ్లు చెప్పండి. ఇద్దరూ ఇది చదువుతారు, కాస్త చూసి తిట్టండి.