పూజలో పెట్టిన సాక్ష్యం

అద్భుతం కళ్లముందు జరుగుతుంటే చప్పట్లు ఆపి, 'ఈసారి మా షరతుల మీద చేసి చూపించు' అని అడిగినవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారు?

జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో నేను అడిగాను. ఫొటోలు, పెళ్లి వీడియోలు తీసేవాళ్ల కోసం ఒక కంపెనీ పెట్టిన సమావేశం అది. కంప్యూటర్‌కు బయట తగిలించి, తీసిందంతా దాచుకునే హార్డ్ డిస్కులు ఆ కంపెనీ తయారుచేస్తుంది. అరచేతిలో పట్టే పెట్టె, చుట్టూ మందపాటి రబ్బరు తొడుగు. కంపెనీ మనిషి దాన్ని నేలకేసి కొట్టాడు. సీసాతో నీళ్లు పోశాడు. తుడిచి, వైరు పెట్టాడు. తెర మీద పెళ్లికూతురు నవ్వింది. హాలంతా ఈలలు.

"మీరు మామూలు మనుషులు కారు, సృష్టికర్తలు!" అన్నాడతను. సృష్టికర్త లేడని ఊరూరా వాదించే నాకు ఒకే హాల్లో అంతమంది దొరికారు.

బాబాల ముందు మా హేతువాద సంఘం ఎప్పుడూ పెట్టే షరతే అక్కడా పెట్టాను. "నీళ్లు మేం పోస్తాం. వైరు తగిలించి, డిస్కు నడుస్తుండగా పోస్తాం. ఒప్పుకుంటారా?"

"కరెంటు నడిచే వస్తువు మీద ఎవరన్నా నీళ్లు పోస్తరా సార్?" అన్నాడతను.

"మా బాయిల మోటరు నీళ్లల్లనే ఉంటది గదా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోయింది. పక్కనున్న మిత్రుడు నా చొక్కా పట్టి లాగాడు. "కూసోండి సార్, గిది బాబ కాదు, కంపెనీ."

ఆ మిత్రుడిది కోరుట్లలో ఫొటో స్టూడియో. మా సభలన్నీ అతనే వీడియో తీసేవాడు. నాకంటే చిన్నవాడు, మంచివాడు, భయస్తుడు. ఆ రోజే ఆ డిస్కు ఒకటి కొన్నాడు.

ఆ ఎండాకాలం అతను మేడిపల్లి దిక్కున ఒక ఊళ్లో పెళ్లి ఊరేగింపు తీస్తున్నాడు. బ్యాండు మోగుతుండగా నలుగురు ఒక కూలి మనిషిని ఈడ్చుకొచ్చారు. ఆ నలుగురిలో ఒకడి ఇంట్లో పిల్లకు జ్వరం తగ్గలేదు. వీడే మంత్రాలు చేశాడని కొట్టారు. తర్వాత పట్టకారు తెచ్చి ముందు పళ్లు పీకారు. పళ్లు లేని నోట మంత్రం సరిగా పలకదని మా జిల్లాల్లో ఒక నమ్మకం. చదువుకున్నవాళ్లూ నమ్ముతారు, నాతో వాదించారు కూడా. కెమెరా నడుస్తూనే ఉంది, ఎవరో చెయ్యి అడ్డం పెట్టేదాకా.

కేసయింది. ఊరేగింపులో ఉన్నవాళ్లంతా పోలీసులకు ఒకే మాట చెప్పారు: "డ్యాన్సుల ఉన్నం, చూడలే." కెమెరా బందుందని మిత్రుడు చెప్పాడు. పెళ్లివారికి ఇచ్చిన వీడియోలోంచి ఆ ముక్క కోసేశాడు. కెమెరాలోని కార్డులు తుడిచి మరో పెళ్లికి వాడుకున్నాడు. ఆ పనిలో అందరూ చేసేది అదే. మొత్తం తీసింది తీసినట్టు మిగిలింది ఆ ఒక్క డిస్కులోనే. ఈ సంగతి నాకొక్కడికే చెప్పాడు, చెప్పి ఏడ్చాడు.

దెబ్బలు తిన్నవాడి భార్య మా సంఘానికి వచ్చింది. నాట్లకు పోయే మనిషి. భర్త గంజి తాగుతూ గోడ దిక్కు తిరిగి పడుకుంటున్నాడని చెప్పింది. ఊళ్లో ఆమెను కూలికి పిలవడం మానేశారు, బోరింగు దగ్గర బిందె పెట్టనివ్వడం లేదు. "ఆయన మంత్రగాడు గాదని కోర్టు చెప్పాలె సారూ. లేకుంటె ఊరు ఇడిసిపెట్టి పోవాలె. యాడికి పోవాలె?" అంది. వీడియో ఉంటేనే కేసు నిలుస్తుందని వకీలు తేల్చేశాడు.

మిత్రుణ్ని ఒప్పించేసరికి వానాకాలం గడిచిపోయింది. చివరికి డిస్కు ఇస్తాను, దసరా నాడు రమ్మన్నాడు. ఆ రోజు గిరాకీ ఉండదు, ఎవరి కంటా పడం అని అతని లెక్క. దీపావళి దాటాక కేసు వాయిదా ఉంది.

ఆమెను తీసుకొని కోరుట్ల పోయాను. స్టూడియోలో పూజ అప్పుడే అయిపోయింది. కెమెరాలు, లైట్లు, కంప్యూటర్, అన్నిటికీ పసుపు కుంకుమలు, బంతిపూల దండలు. నడుమ ఆ డిస్కు, వైరు తగిలించి ఉంది. దాని మీద కుంకుమ, అక్షింతలు, కొబ్బరికాయ కొట్టి చల్లిన నీళ్లు. అది నడుస్తోందని చెప్పే నీలి లైటు మినుకుమంటోంది.

"దీన్నెందుకు నడుస్తుండగా పెట్టినవు తమ్ముడూ?"

"గా లైటు దీపం లెక్క మంచిగ కనవడతది సార్."

"నీళ్లు పడ్డయి. వైరు పీకు."

"పూజల పెట్టినంక తెల్లారిందాంక ముట్టొద్దు సార్. తాతల కాన్నుంచి గంతే. అయినా వానల తడిస్తె గూడ ఏం గాదని డబ్బ మీదనే రాసున్నది. మీరు గూడ చూసిండ్రు గదా జగిత్యాల్ల!"

నేనే పీకుతానని ముందుకు పోయాను. నా చెయ్యి పట్టుకున్నది అతను కాదు, ఆమె.

"వద్దు సారూ. నా కోసం పండుగ పూట పూజ లేపితె, రేపు గాయన పిల్లలకు దగ్గొచ్చినా నా మొగని పేరే చెప్తరు. రేపే తీసుకుందాం."

ఆమె భయం ముందు నా వాదమేదీ నిలబడలేదు. అది మూఢనమ్మకం కాదు. ఊరిని చదివినవాళ్ల తెలివి.

మరునాడు పోయేసరికి నీలి లైటు లేదు. మిత్రుడు వైరు పీకి, తుడిచి, మళ్లీ మళ్లీ పెడుతున్నాడు. అతని తల్లి గడపలో నిలబడి ఉంది. మా వెంట ఉన్న ఆమెను లోపలికి రానివ్వలేదు.

"నిన్న గామె గడప తొక్కింది. ఇయ్యాల డబ్బ సచ్చింది. ఇంకేం సాక్షం గావాలె సారూ నీకు?"

కొబ్బరినీళ్లు పోసింది కొడుకు. ఊరంతా ఇక చెప్పుకునేది ఈమె పేరు. మంత్రాలు లేవని చెప్పాల్సిన వస్తువు చచ్చిపోయి, మంత్రాలకు రుజువైంది!

డిస్కును సిరిసిల్ల తీసుకుపోయాను. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే గల్లీలో కంప్యూటర్లు బాగుచేసే ఒక ముస్లిం మిత్రుడి దుకాణం ఉంది. సాంచాల చప్పుడులో ఆయన మాట వినబడాలంటే దగ్గరికి వంగాలి.

"నడుస్తుంటె తడిసింది సాబ్. లోపలి సర్క్యూటు పలక కాలింది. వేరే డిస్కయితే ఇంకో పలక ఏసి చూస్తుంటి. దీంట్ల దొంగలు సూడకుంట తాళమేసిండ్రు. తాళంచెవి గూడ గీ కాలిన పలకలనే ఉన్నది."

"పెద్ద ఊరికి పంపితే?"

"పంపుండ్రి. నేనైతే ఆశ చెప్ప."

పంపాం. ఏమీ బయటికి రాలేదని తిప్పి పంపారు. కంపెనీకీ రాశాను. మర్యాదగా జవాబిచ్చారు. నా నష్టానికి చింతిస్తున్నారట. వైరు పెట్టే చోట రబ్బరు మూత బిగించి ఉన్నప్పుడే నీళ్లకు తట్టుకుంటుందట. డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో నిజంగానే ఉంది. గ్యారంటీ పెట్టెకే తప్ప లోపలున్నదానికి కాదట. వాళ్లు అబద్ధం చెప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ మైకులో చెప్పింది పెద్ద నిజం, అడుగున రాసింది చిన్న నిజం. బాబాలకు ఈ పాటి ఓపిక కూడా లేదు. ఒకే నిజాన్ని రెండు సైజుల్లో అమ్మడం వ్యాపారానికే తెలుసు. రెండో డిస్కులో ఒక నకలు దాచుకొమ్మని ఆ వేదిక మీద ఒక్కడు ఒక్క మాట అనలేదు. ఆ మాట అంటే ఈ డిస్కు కూడా చస్తుందని ఒప్పుకున్నట్టు. చావు లేనిదని నమ్మిన వస్తువుకే మనం కొబ్బరికాయ కొడతాం. చచ్చేదని తెలిస్తే నకలు తీసుకుంటాం. తేడా అంతే.

వాయిదా నాడు జగిత్యాల కోర్టు బయట చెట్టు కింద ఆమెకు చెప్పాను, ఇక వీడియో రాదని. చాలాసేపు చీర కొంగు ముడి వేసి విప్పింది. నలుగురిలో ఇద్దరు ఎదురుగా చాయ్ తాగుతున్నారు. ఒకడు మా వైపు చూసి నవ్వాడు కూడా. మిత్రుడు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. తను చూసింది తన నోటితో చెప్పవచ్చునని ఎన్ని సార్లు చెప్పినా, "డిస్కు పోయినంక నేనేం జెప్పను సార్" అనేవాడు. ఆ పెట్టెతో పాటు అతని కళ్లు కూడా పోయినట్టు!

"సారూ, డబ్బ పోతె పోనీ," అంది ఆమె. "గా దినం ఊరందరికి కండ్లున్నయి గదా. గవ్విటి మీద గూడ కొబ్బరినీళ్లు వడ్డయా?"

కేసు ఇంకా కొట్టేయలేదు, మరో వాయిదా పడింది. ఆమె ఇంకా ఆ ఊళ్లోనే ఉంది, ఎంతకాలమో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను, నేరుగా మీకే రాస్తున్నాను. ఆ బ్యాండు వెంట నడిచిన మీరు, అక్షింతలు వేసి భోజనం చేసి వచ్చిన మీరు, మరే ఊళ్లోనైనా ఇలాంటిది చూసి తల తిప్పుకున్న మీరు, ఏ పెట్టె కోసమూ ఆగకండి. రేపు పొద్దున్నే స్టేషన్‌కు పొండి. మీ పేరు చెప్పండి. చూసింది చూసినట్టు చెప్పి, సంతకం పెట్టి రండి.